కాల్చిన కోడి: ఎండాకాలంలో పాటించాల్సిన జాగ్రత్తలు

ఖానాపురం హవేలి నుంచి భద్రాచలం అడవి అంచు దాకా పొలం గట్టున కోడిని నిప్పుల మీద కాల్చుకోవడం, బొంగులో వండుకోవడం మనకు మామూలే. అయితే ఎండాకాలంలో మాంసం త్వరగా పాడవుతుంది. ఈ జాగ్రత్తలు పాటించండి.

- వండేదాకా మసాలా పట్టించిన మాంసాన్ని ఫ్రిజ్‌లో లేదా ఐసులో ఉంచండి.
- పచ్చి మాంసం పెట్టిన పళ్లెం, కత్తి సబ్బుతో కడగనిదే కాల్చిన ముక్కలకు వాడరాదు.
- ఖాళీ పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినా తాగునీటికి, మాంసానికి వాడరాదు.
- పైన మాడినా లోపల పచ్చిగా ఉండవచ్చు. ముక్క లోపల వేడి 74 డిగ్రీలకు చేరాలి.
- ఎండ 32 డిగ్రీలు దాటితే వండిన మాంసాన్ని గంటకు మించి బయట ఉంచరాదు.

ఫ్రిజ్ లేనివారు ఆ పూటకు సరిపడా మాత్రమే వండుకోండి. మిగిలిన నాలుగు ముక్కలు పారేయడానికి మనసొప్పకపోవచ్చు. కానీ వాటిని తిని పిల్లలు వాంతులు, విరేచనాల పాలైతే నష్టం పెద్దది.