నిదానమే ప్రధానము

‘నిదానము’ అను మాటకు తెలుగున రెండర్థములు కలవు. తొందరపాటు లేకుండుట ఒకటి. రోగమునకు మూలకారణమును నిర్ణయించుట రెండవది. మాధవకరుని సుప్రసిద్ధ వైద్యగ్రంథమునకు ‘మాధవ నిదానము’ అను పేరు వచ్చుట ఈ రెండవ అర్థమును బట్టియే. ఈ రెండర్థములును ఒకచోట కలిసికొనుట చూడగోరువారు ఏ వైద్యశాలకో పోనక్కరలేదు. లారీలు మరమ్మతు చేయు షెడ్డునకు పోయినను చాలును. నిదానముగా తిరుగలేక ఆగిపోవు ఇంజను అచ్చటికి తరచుగా వచ్చు రోగి. దానికి కావలసిన చికిత్సయు నిదానమే.

వ్యాధి లక్షణము సులభముగానే తెలియును. బండి పరుగెత్తుచున్నంతసేపు ఏ లోపమును కనబడదు. రైలుగేటు వద్దనో, కూడలిలోనో డ్రైవరు యాక్సిలరేటరు మీదినుండి కాలు తీయగానే ఇంజను రెండు మూడు మారులు తడబడి ఆగిపోవును. ఇది చిన్న లోపమని తోచవచ్చును. కాని ఘాట్ రోడ్డు దిగుచు గేరు మార్చుటకు క్లచ్చి నొక్కిన క్షణమున ఇంజను ఆగినచో, బ్రేకులకు గాలి నింపు కంప్రెసరు దానితోపాటే ఆగును. పవర్ స్టీరింగు గల బండిలో స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కును. అట్టి సమయమున డ్రైవరు ప్రాణమును, క్లీనరు ప్రాణమును, ఎదురుగా వచ్చు బస్సులోని వారి ప్రాణములును ఆ తడబాటుతో ముడిపడియుండును.

వేగముగా తిరిగినపుడు లేని రోగము మెల్లగా తిరిగినపుడే బయటపడనేల? దీనికి చిన్న లెక్క సమాధానము చెప్పును. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 600 మారులు తిరుగుచున్నదనుకొందము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకొకమారు మాత్రమే ప్రతి సిలిండరులోను డీజిలు మండును. అనగా సిలిండరునకు 300, ఆరింటికి కలిపి నిమిషమునకు 1,800, గంటకు 1,08,000 విడతలు. గంటకు ఒక లీటరు ఖర్చగుననుకొన్నచో విడతకు వచ్చునది సుమారు 9 ఘన మిల్లీమీటర్లు. ఒక మిల్లీలీటరునకు 20 నీటిబొట్లు అనుకొన్నచో, ఇది ఒక్క బొట్టులో అయిదవ వంతుకంటెను తక్కువ. ఇంత స్వల్పమైన కొలతలో గాలిబుడగ ఒకటి చేరిన చాలు, మంట తప్పును. పైగా తిరుగు చక్రములోని శక్తి వేగముయొక్క వర్గమును బట్టి ఉండును. వేగము మూడవ వంతునకు తగ్గినచో శక్తి తొమ్మిదవ వంతునకు తగ్గును. ఒక మంట తప్పినపుడు ఇంజనును ముందునకు లాగుకొనిపోవు బలము అప్పుడు చక్రమునకు చాలదు. సంపన్నుని ఇంట కనబడని చిల్లు పేదవాని ఇంట కనబడినట్లు, వేగములో దాగిన దోషము నిదానములో బయటపడును.

ఈ నిదానపు నడకను కాపాడుటకు పంపులో గవర్నరు అను సాధనము కలదు. ఆవిరి యంత్రమునకు దీనిని 1788లో అమర్చినవాడు జేమ్స్ వాట్. దాని గణితమును 1868లో ఒక వ్యాసమున వివరించినవాడు మాక్స్‌వెల్. యాంత్రికమైన గవర్నరులో వేగము హెచ్చినచో బరువులు వెలుపలికి విచ్చుకొని డీజిలును తగ్గించును. వేగము తగ్గినచో స్ప్రింగు నెట్టి డీజిలును పెంచును. జర్మనీలో బాష్ సంస్థ 1927లో డీజిలు పంపులను పెద్ద ఎత్తున తయారుచేయ నారంభించినది. 1951లో బెంగుళూరున మైకో సంస్థ ఏర్పడినది. 1954లో టాటాలు డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందము చేసికొని జంషెడ్‌పూరున లారీల తయారీ మొదలుపెట్టిరి. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల గురువు ప్రక్కన నిలిచి శిష్యుడు నేర్చుకొను విద్య ఈ యంత్రములను ఆశ్రయించి పెరిగినదే.

ఆ విద్యలో మొదటి నిషేధమొకటి కలదు. ఇంజను ఆగిపోవుచున్నదనగానే పంపుమీది ఐడిలింగు స్క్రూను త్రిప్పరాదు. త్రిప్పినచో వేగము పెరిగి ఇంజను నిలుచును. డ్రైవరు సంతోషించి వెళ్లును. కాని జ్వరమునకు కారణమేదో చూడక ఒళ్లు చల్లబరచినట్లే అగును. లోపల రోగము ముదురును. డీజిలు ఖర్చు పెరుగును. కొన్ని దినములకు అదే బండి మరల వచ్చును.

నేర్చిన మెకానిక్కు ముందు పనిముట్టు పట్టడు, ప్రశ్నించును. ఉదయము చల్లగా ఉన్నపుడు ఆగునా, వేడెక్కిన పిమ్మటనా? టాంకు నిండుగా ఉన్నపుడా, అడుగంటినపుడా? ఇటీవల ఏ పని చేయించిరి? పిమ్మట పొగ చూచును. తెల్లని పొగ మండని డీజిలును, నల్లని పొగ గాలి చాలకపోవుటనో డీజిలు హెచ్చుటనో, నీలిపొగ ఇంజను ఆయిలు కాలుటను సూచించును. పిమ్మట చెవి యొగ్గి వినును. వేగము ఊయలవలె హెచ్చి తగ్గుచున్నచో డీజిలులో గాలినో, గవర్నరునో అనుమానించును. ఇంజను ఒక లయలో కుదుపులిచ్చుచున్నచో ఒక సిలిండరు పనిచేయుట లేదని తలంచును.

అటు పిమ్మట టాంకునుండి డీజిలు వచ్చు దారిని అనుసరించి ముందునకు నడచును. టాంకు మూతలో గాలి చొరబడు సన్నని రంధ్రము దుమ్ముతో మూసికొనిపోయినచో, డీజిలు తరిగినకొలది లోపల శూన్యత ఏర్పడి, బండి కొంతదూరము పోయి ఆగును. మూత విప్పగానే ‘స్స్’ అని గాలి లోనికి పోవును. ఇంజను మరల నడచును. ఇట్టి రోగికి కావలసినది ఒక సూదిపోటు మాత్రమే. తరువాత ఫిల్టరు అడుగున నీరు చేరినదేమో విడిచి చూచును.

అందరిని మోసగించునది టాంకునకును ఫీడ్ పంపునకును నడుమగల పైపు. పంపు దాటిన తరువాత డీజిలు ఒత్తిడితో పోవును గనుక సందున్నచో బొట్లు కారి కనబడును. కాని ఈ భాగమున పంపు డీజిలును పీల్చుచుండును. ఇక్కడ సందున్నచో డీజిలు బయటికి రాదు, గాలి లోనికి పోవును. పైపు పొడిగానే ఉండును; దోషమేమియు లేదనిపించును. అరిగిన ఒక రాగి వాషరు ఇంతపని చేయగలదు. ఈ చోట పారదర్శకమైన చిన్న గొట్టము నమర్చి బుడగలు పోవుచున్నవేమో చూచుట తగిన పరీక్ష. కంటికి కనబడని తప్పును కంటికి కనబడునట్లు చేయుటయే పరీక్ష యొక్క ప్రయోజనము.

ఇంతవరకు దోషము లేనిచో, వరుస పంపుగల పాత ఇంజనులలో నాజిళ్లకు పోవు పైపుల నట్లను ఒక్కొక్కటిగా కొంచెము వదులుచేయుదురు. వదలిచినపుడు శబ్దము మారినచో ఆ సిలిండరు పనిచేయుచున్నదే. మారనిచో దోషమచ్చటనే. అది నాజిలుదా, టాపెట్ల సందుదా, కంప్రెషనుదా అని పిమ్మట తేల్చుకొందురు. పంపు విప్పుట అన్నిటికన్న చివరి మాట.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణములు దేశమంతట అమలులోనికి వచ్చినవి. కొత్త లారీలలో గవర్నరు పని కంప్యూటరు చేయుచున్నది. కామన్ రెయిలు ఇంజనులలో ఒత్తిడి వేయి బార్లను మించగలదు. తుంపర చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు గనుక నట్టు వదలించు పాత పరీక్ష అక్కడ ప్రాణాంతకము. కంప్యూటరు దోషసంఖ్యను చూపును. కాని ‘ఒత్తిడి తక్కువ’ అని అది చెప్పినపుడు కారణము పంపు కావచ్చును, మూసికొనిన ఫిల్టరు కావచ్చును, గాలి పీల్చు ఆ పైపే కావచ్చును. సంఖ్య లక్షణమును చెప్పును. మూలమును మనుష్యుడే వెదకవలెను.

వెదకుటలోను ఒక నియమము కలదు. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. ఫిల్టరు, నాజిళ్లు, పంపు అన్నియు ఒకే దినమున మార్చినచో బండి నడువవచ్చును. యజమాని జేబు ఖాళీ యగును. దోషమెక్కడ నుండెనో మాత్రము ఎవరికిని తెలియదు. ప్రక్కన నిలిచిన శిష్యునికి ఆ దినము పాఠమే లేకపోయినది. తప్పిన లెక్కను మొత్తము కొట్టివేసి సరియైన లెక్కను పలకపై వ్రాసియిచ్చిన ఉపాధ్యాయుని చెంత బాలుడు పొందునదియు ఇంతియే. ఏ మెట్టున తప్పినదో బాలునిచేతనే వెదకించిన నాడు, ఆ లెక్కతోపాటు రాబోవు లెక్కలును అతనికి వచ్చును.