పాడేవాళ్ల చెవిలో ఏముంటుంది?

టీవీలో పాటల పోటీలు చూసేవాళ్లు గమనించే ఉంటారు. పాడే అమ్మాయి చెవిలో చిన్న బిళ్లలాంటిది ఉంటుంది, దాని తీగ చెవి వెనకనుంచి జడ కిందికి పోతుంది. మా క్లాసులో ఒకరు అది వినికిడి మిషన్ అన్నారు. ఇంకొకరు, సాహిత్యం మరిచిపోతే వెనకనుంచి ఎవరో అందిస్తారన్నారు. రెండూ కాదు గానీ, మొదటిదానికి కొంచెం చుట్టరికం ఉంది. దాని పేరు ఇన్-ఇయర్ మానిటర్. పాడేవాళ్లు తమ గొంతు తామే వినడానికి పెట్టుకునేది.

తన గొంతు తనకు వినపడదా? ఇంట్లో పాడితే వినపడుతుంది. స్టేజీ మీద వెనక డ్రమ్స్, పక్కన గిటారు, ముందు జనం. పెద్ద స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి. పాడేవాళ్లకు చేరేది గోడకు తగిలి ఆలస్యంగా తిరిగొచ్చే మోత. అందుకని వాళ్ల కాళ్ల దగ్గర ఏటవాలుగా ఇంకో స్పీకర్ పెడతారు. మన మద్రాసు సభల్లో మార్గళి కచేరీలకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, విద్వాంసులు పాట మధ్యలో మైకు ఆయనకు చేత్తో సైగలు చేస్తుంటారు. తంబురా పెంచు, మృదంగం తగ్గించు అని. ఆ సైగలు చాలావరకు ఈ స్పీకర్ కోసమే.

చిక్కేమిటంటే, ఒకరు పెంచమంటే పక్కవాళ్లకు తమది వినపడదు, వాళ్లూ పెంచమంటారు. స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి పోయి కీచుమంటుంది. ఇన్-ఇయర్ దీన్ని తిరగేసి పరిష్కరిస్తుంది. ముందు చెవిని మూసి బయటి మోతను ఆపుతుంది. తర్వాత కావలసినది మాత్రం లోపలికి పంపుతుంది. నడుముకు కట్టుకునే చిన్న డబ్బాకు మిక్సర్ నుంచి వైర్‌లెస్‌గా శబ్దం వస్తుంది. పాడేవాళ్లకు గొంతు ఎక్కువ, డ్రమ్స్ వాయించేవాళ్లకు తాళం ఎక్కువ, ఎవరి పాళ్లు వారివి.

చెవి సరిగ్గా మూసుకోవడమే ఇందులో ప్రాణం. సందుంటే బయటి మోత వస్తుంది, లోపలి మంద్రస్వరాలు పోతాయి. షాపులో దొరికే రబ్బరు మూతలు కొందరికి బాగానే పట్టుకుంటాయి. కానీ ఆడవాళ్ల చెవి రంధ్రం సగటున మగవాళ్లకంటే చిన్నది, తల తిప్పితే ఊడిపోయే గొడవ మనకే ఎక్కువ. అందుకే కొలతలిచ్చి రవిక కుట్టించుకున్నట్టు, చెవి అచ్చు తీయించి చేయించుకుంటారు.

ఆ అచ్చు తీయడం నేను దగ్గరుండి చూశాను. మా పెద్దమ్మ కొడుకు పెళ్లిళ్లలో పాడే లైట్ మ్యూజిక్ ట్రూపులో ప్యాడ్స్ వాయిస్తాడు. తోడు రమ్మంటే వెళ్లాను. ఆడియాలజిస్ట్ ముందు లైటు వేసి చెవిలో గులిమి ఉందేమో చూశారు. తర్వాత దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కను కర్ణభేరికి తగలకుండా లోపలికి నెట్టారు. చెవి దారి తిన్నగా ఉండదు, రెండు వంపులు తిరుగుతుంది. స్పాంజి రెండో వంపు దాటాలి. ఆ తర్వాత మెత్తటి సిలికాన్ ముద్దను సిరంజితో నింపారు. కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. అంతసేపూ పళ్ల మధ్య ఒక దిమ్మె కరిచి నోరు తెరిచి ఉండాలి. దవడ కదిలితే చెవి దారి ఆకారం కూడా మారుతుందట. నోరు మూసుకుని అచ్చు తీస్తే, పాడటానికి నోరు తెరవగానే సందు పడుతుంది. మా అన్నయ్య పాడడు, అయినా తప్పించుకోలేదు.

బయటికి తీసిన ముద్ద చిన్న నత్తగుల్లలా ఉంది. దాన్ని స్కాన్ చేసి, ఎక్కువగా యాక్రిలిక్‌తో, గుల్ల తయారుచేస్తారు. లోపల బియ్యపు గింజకంటే కాస్త పెద్దవైన స్పీకర్లు ఉంటాయి, మంద్రానికొకటి, తారకొకటి అన్నట్టు. బాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే ఈ రకం స్పీకర్లు వినికిడి మిషన్లలో వాడేవి. నేను చెప్పిన చుట్టరికం ఇదే. 1995లో అమెరికాలో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజినీరు, వాన్ హేలెన్ బృందంలో డ్రమ్స్ వాయించే అలెక్స్ వాన్ హేలెన్ కోసం రెండేసి స్పీకర్లతో ఇలాంటివి చేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా మొదలైంది.

రెండు చెవులూ వేళ్లతో మూసుకుని ‘మ్’ అని శ్రుతి పట్టి చూడండి. గొంతు కుండలోంచి వచ్చినట్టు మోగుతుంది. చెవి మూసుకుంటే ఎముకల ద్వారా వచ్చే మన గొంతు లోపలే చిక్కుకుంటుంది. కొత్తగా పెట్టుకున్న గాయకులకు చిరాకు పుట్టేది దీంతోనే. గుల్ల లోపలి ఎముక భాగం దాకా వెళ్తే ఈ మోత తగ్గుతుంది. రెండో వంపు కోసం అంత పట్టుదల అందుకే.

ఇదంతా సోకు అనుకునేదాన్ని కాను గానీ, ఇంత అవసరమని అన్నయ్య రిపోర్టు చూశాకే తెలిసింది. వాడికి 24 ఏళ్లు. ముహూర్తాల నెలల్లో ఇంటికొచ్చాక చెవిలో గుయ్యిమంటూ నిద్ర పట్టదు. వినికిడి పరీక్షలో గీత 4000 హెర్ట్జ్ దగ్గర కిందికి దిగింది. మోతవల్ల వచ్చే నష్టం మొదట కనపడేది ఆ చుట్టుపక్కలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు చస్తే మళ్లీ పుట్టవు. అమెరికాలోని నియోష్ సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. పెళ్లి కచేరీ మూడు గంటలు.

చెవిలో పెట్టుకున్నంత మాత్రాన కాపాడదు కూడా. డబ్బా మీద వాల్యూమ్ పెంచేస్తే మోత కర్ణభేరి పక్కనే ఉంటుంది. చాలామంది జనం చప్పట్లు వినడానికి ఒకటి తీసేస్తారు, అది ఇంకా చెడ్డది. మూసిన చెవిలో పెంచుకోవాల్సి వస్తుంది, తెరిచిన చెవికి స్టేజీ మోత అంతా తగులుతుంది. దానికి బదులు జనం వైపు ఒక మైకు పెట్టి, ఆ శబ్దం కొంచెం కలిపిస్తారు.

శాస్త్రీయ కచేరీకి ఇది కావాలా అంటే, నా మటుకు వద్దంటాను. త్యాగయ్య కృతి పాడేటప్పుడు వయొలిన్, మృదంగం పక్కనుంచి నేరుగా వినపడాలి, ముందు వరుస ‘భేష్’ కూడా వినపడాలి. అక్కడ అందరూ కాస్త తగ్గించుకుంటే చాలు.

ధర కొన్ని పదుల వేల రూపాయలు, పేరున్న విదేశీ మోడళ్లు లక్ష దాటుతాయి. పైగా ఒకరివి ఇంకొకరికి పట్టవు, అరువు ఇవ్వడానికీ లేదు. మన కాలేజీ లైట్ మ్యూజిక్ టీముకు అంత అక్కర్లేదు. నొక్కి పెడితే చెవిలో ఉబ్బే ఫోమ్ మూతలున్న మామూలు ఇన్-ఇయర్లు వార్షికోత్సవానికి చాలు, మూతలు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి. ఇంకోటి, ఆ నడుము డబ్బా చీర కుచ్చిళ్ల దగ్గర పెడితే జారుతుంది. వెనక లంగా బొందుకు తగిలించి, తీగను రవిక లోపలినుంచి పైకి తీసుకోండి. జూకాలు ఆ రోజుకు మానేయండి, గుల్లకు తగిలి పాటంతా టిక్కుటిక్కుమంటాయి.