నవ్విచ్చిన వేణునే ఏడ్పిచ్చిండు

టీవీల మన మాట ఇనవడ్తే నాకు ఒకప్పుడు భయమయ్యేది, ఇగ ఎవలో నవ్వుతరని. ఏండ్ల సంది తెలుగు సినిమాలల్ల తెలంగాణ మాట ఎక్కువగా రౌడీలకో, కమెడియన్లకో పెట్టిర్రు. గందుకే ఎల్దండి వేణు సంగతి నాకు ఉత్త కమెడియన్ ముచ్చట లెక్క అనిపియ్యది.

ఆయనది సిరిసిల్ల. సినిమాలల్ల చిన్న చిన్న వేషాలేసిండు. 2007ల వచ్చిన 'మున్నా'ల చేసిన పాత్రతోని టిల్లు వేణు అయిండు. 2013ల ఈటీవీల జబర్దస్త్ షురువైనంక 'వేణు వండర్స్' టీం లీడర్‌గా ఇంటింటికీ ఎరుకైండు. ఆ షోల అన్నీ మంచియే అని నేననను. ఆడోళ్ల మీద, ఒంటి రంగు మీద ఏసిన జోకులకు నాకైతే నవ్వు రాలే.

కానీ స్కిట్టు ఓ పని నేర్పుతది. ఉన్నది కొన్ని నిమిషాలే. ఎవలు ఎవలికి ఏమైతరో ఎంటనే తెల్వాలె. అందర్నీ ఒక్క వాకిట్ల నిలవెట్టి పంచాది వెట్టాలె. 2023 మార్చి 3న వచ్చిన 'బలగం' సినిమాను వేణు గట్లనే కట్టిండు. ఒక ఇల్లు, ఒక సావు, పదకొండు దినాలు. కొమురయ్య తాత పోతడు. పిట్టకు వెడ్తే కాకి ముట్టది. ఇంట్ల చూస్తే నల్లిబొక్క కాడ బావబామ్మర్దుల లొల్లి. స్కిట్టుల అయితే ఆ బొక్క మీద నవ్వి లేచిపోతుంటిమి. ఈడ నవ్వినంక గూడ కెమెరా ఆ ఇంట్లనే ఉంటది, ఆ లొల్లితోని పుట్టినింటికి దూరమైన ఆడబిడ్డ మొకం కనవడ్తది. దర్జీ నర్సి వేషం ఆయనే ఏసుకున్నడు, నవ్వుకు నవ్వు ఉండాలని కావచ్చు. ఆఖరికి పస్తం మొగిలయ్య, కొమురమ్మ ఆలుమగలు పాడ్తుంటే ఎవ్వలూ కండ్లు తుడుసుకోకుంట ఉండలే. ఎన్కట చావింట్ల ఇన్న గొంతు అది, సినిమా కోసం నేర్చింది కాదు. కాసర్ల శ్యామ్ రాసిన 'ఊరు పల్లెటూరు' పాటకైతే జాతీయ అవార్డే వచ్చింది.

ఆ ఏప్రిల్‌ల ఊరూరా తెరలు గట్టి చూపిచ్చిర్రు. మా ఊర్ల గూడ బడి కాడ కట్టిర్రు. మా నాయినకు, చిన్నాయినకు ఒడ్డు కాడి పంచాదితోని మాటల్లేవు. ఇద్దరూ వచ్చి చెరో దిక్కు కూసున్నరు. సినిమా చూసి కలిసిపోయిర్రు అని చెప్పను, కలువలే. పోయేటప్పుడు చీకట్ల మా నాయిన చెప్పులు దొరకకపోతే, చిన్నాయిన ఏం మాట్లాడకుంటనే టార్చిలైటు వట్టిండు.