హెడ్ దించకుండానే వాల్వ్ సీళ్లు: గూళ్ల బండికి ఒక్కరోజు పని

చంద్రికల్లోంచి గూళ్లు విడదీశాక మన చేతిలో ఉండే రోజులు తక్కువ. అల్లిక మొదలై పది పన్నెండు రోజులు దాటితే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని వస్తుంది, ఆ గూటిని రీలర్ తీసుకోడు. సరిగ్గా అప్పుడే బండి నీలం పొగ వదులుతుంటే, "హెడ్ దించాలి, నాలుగు రోజులు ఆగండి" అని మెకానిక్ అంటే ఏం చేయాలి? అందుకే ఈసారి పురుగుల మాట పక్కనబెట్టి బండి మాట రాస్తున్నాం.

పలమనేరు, ముళబాగిలు వైపు నుంచి రామనగర మార్కెట్టుకు పోయే మనవాళ్లు హొసకోటె దాటి కె.ఆర్.పురం మీదుగా బెంగళూరులోకి దిగుతారు. అక్కడికి దగ్గర్లోనే హూడి. 2023 మార్చిలో మెట్రో నడవడం మొదలైన దారి అది. ఆ స్తంభాల వెనక సందుల్లో చిన్న చిన్న మెకానిక్ షెడ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒకదాంట్లో ఓమ్నీ వ్యానుకు హెడ్ కదపకుండా సీళ్లు మార్చడం మేం దగ్గరుండి చూశాం. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది గానీ, మన ఊళ్లలో గూళ్ల సంచులు మోసేవి ఇప్పటికీ చాలావరకు అవే.

ముందు రోగం తెలియాలి. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలం పొగ వచ్చి, కాసేపటికి తగ్గిపోతే అది సీళ్ల పనే. ఘాట్ దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పొగొచ్చినా అంతే. రబ్బరు గట్టిపడిపోయి, వాల్వ్ కాడ వెంట నూనె లోపలికి జారుతుంది. అలా కాకుండా లోడుతో ఎక్కేటప్పుడు ఆగకుండా పొగొస్తూ, నూనె పోసే మూత తీస్తే అక్కడా పొగ తన్నుతుంటే రింగులు అరిగినట్టు. దానికి ఈ పద్ధతి పనికిరాదు. కంప్రెషన్ చూడకుండా ఎవరైనా సరే బోరింగ్ అంటే ఒప్పుకోవద్దు.

ఇక పని. హెడ్ ఉండగా స్ప్రింగ్ విప్పితే వాల్వ్ సిలిండర్లోకి జారిపోతుంది, భయమంతా దానిదే. అందుకని ఒక్కో సిలిండర్ పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్నాక, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో గొట్టం బిగించి కంప్రెసర్ గాలి నింపుతారు. ఆ గాలే వాల్వును పైకి పట్టి ఉంచుతుంది. గాలి ఒత్తిడికి ఇంజిన్ ఒక్కసారిగా తిరగొచ్చు కాబట్టి బండి గేరులో ఉండాలి, ముందు పుల్లీ మీద స్పానర్ గానీ చెయ్యి గానీ ఉండకూడదు.

మరి కరెంటు పోతే? దానికీ పాత ఉపాయం ఉంది. పిస్టన్ కొంచెం కిందుండగా శుభ్రమైన నైలాన్ తాడు ప్లగ్ రంధ్రంలోంచి దూర్చి, కొస బయటే ఉంచి, ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పితే తాడు నలిగి వాల్వులకు మెత్తలా ఆనుకుంటుంది. ఇక్కడా రెండు వాల్వులూ మూసుకుని ఉండాలి, లేకపోతే వంగుతాయి. మన ఊరి షెడ్డుకైతే తాడే మేలని మా అభిప్రాయం.

తర్వాత రాకర్లు తప్పించి, స్ప్రింగ్ నొక్కి, చిన్న లాకులను అయస్కాంతంతో తీస్తారు. అవి గోరంత ఉంటాయి. నూనె దిగే రంధ్రాలకు ముందే గుడ్డ కుక్కకపోతే చాంబర్లో పడి, ఆ ఒక్క లాకు కోసం కింద సంపు విప్పాల్సి వస్తుంది. మేం చూసిన పాత సీళ్లు వేళ్లతో నొక్కితే ప్లాస్టిక్కులా విరిగాయి. కొత్తదానికి నూనె రాసి, వాల్వ్ కొసకు సన్నని ప్లాస్టిక్ తొడుగు వేసి ఎక్కించాలి, లేదంటే అక్కడి గాడి అంచు సీలు పెదవిని కోస్తుంది. సీలు తీసినప్పుడే వాల్వును అటూ ఇటూ ఊపి చూడమనండి. బాగా ఆడుతుంటే గైడు అరిగింది, అప్పుడు హెడ్ దించక తప్పదు.

ఓమ్నీకి మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు. ఇంజిన్ ముందు సీటు కిందే కాబట్టి లోపలి నుంచే పని సాగుతుంది. హెడ్ గాస్కెట్ ఖర్చు లేదు, రేడియేటర్ నీళ్లు దించే పని లేదు. చివర్లో ట్యాపెట్ గ్యాప్ సరిచూసుకుంటే సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది.

సైలెన్సర్లో పేరుకున్న పాత నూనె కాలేదాకా కొద్దిగా పొగ వస్తూనే ఉంటుంది, కంగారొద్దు. అది ఆగేవరకు మాత్రం ఆకు దించేటప్పుడు షెడ్డు తలుపు దగ్గర ఇంజిన్ ఆపేయండి, ఆ పొగ పురుగుకు పడదు.