మొరిగితే మోగే పెట్టె

కుక్క మొరిగినప్పుడల్లా దానికి గిట్టనిదేదో జరిగేలా చేసి ఆ అలవాటు మాన్పించాలన్నది బార్క్ కంట్రోల్ పరికరాల ఉద్దేశం. ఇవి ముఖ్యంగా నాలుగు రకాలు: మనిషి చెవికి అందని శబ్దం వదిలే చిన్న పెట్టెలు, మెడ దగ్గర వణికే పట్టీలు, మూతి కింద నిమ్మగడ్డి వాసన చిమ్మే పట్టీలు, కరెంటు షాక్ కొట్టే పట్టీలు. లోపలి మైకు గానీ, గొంతు అదురును పట్టే సెన్సర్ గానీ అరుపును పసిగట్టగానే పరికరం తనంతట తానే పనిచేస్తుంది. యజమాని ఇంట్లో ఉండనక్కర్లేదు. కొనేవాళ్లకు నచ్చేది అదే, చిక్కు మొదలయ్యేదీ అక్కడే.

మనిషి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినగలడు. కుక్క 45,000 దాకా, పిల్లి 60,000 పైదాకా వింటాయి. శబ్దం పెట్టెలన్నీ ఈ తేడా మీద ఆధారపడినవే. చాలావరకు 25,000 హెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతాయి. అంత సన్నటి శబ్దం గోడ దాటి పోదు, దూరం పెరిగేకొద్దీ మామూలు శబ్దం కన్నా తొందరగా సన్నగిల్లుతుంది. అట్టపెట్టె మీద యాభై అడుగులని రాసి ఉన్నా, హాల్లో పెట్టినది వంటింట్లోని కుక్కకు అందడం కష్టం. పైగా అది మోగుతోందో లేదో కొన్నవాళ్లకు తెలియదు. ఫోన్‌లో శబ్దాన్ని గీతలుగా చూపించే యాప్ కూడా ఇక్కడ సాయపడదు. సెకనుకు 48,000 నమూనాలు తీసే ఫోన్ 24,000 హెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని పట్టలేదు. స్క్రీన్ మీద ఏమీ రాకపోతే పెట్టె పాడైందని కాదు, లైటు వెలిగితే మోగుతోందనీ కాదు. కుక్కనే చూడాలి. బటన్ నొక్కగానే చెవులు రిక్కించి తల తిప్పితే వినబడిందన్న మాట. అయితే వినబడటం వేరు, మొరగడం మానడం వేరు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే, కుక్క చేసినదానికి శిక్ష దానికీ పడుతుంది.

హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి లాంటి చోట ఈ పెట్టెను వాడిచూస్తే అసలు లోపం బయటపడుతుంది. 1907లో కట్టిన నాంపల్లి స్టేషన్‌లో రైళ్ల కూతలు, ట్రూప్ బజార్‌లో సామాను ఎత్తి దించే చప్పుళ్లు, బరాత్ బ్యాండ్లు, జనవరి 1 నుంచి నెలన్నర పాటు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ మైకులు ఎటూ ఉన్నవే. అన్నింటికీ మించి గల్లీ కుక్కలు. రాత్రి షట్టర్లు దించాక చిరాగ్ అలీ లేన్‌లో ఒక కుక్క అందుకుంటే గల్లీ గల్లీ గొంతు కలుపుతుంది. రెండో అంతస్తు బాల్కనీలో తగిలించిన పెట్టెకు ఆ అరుపూ, ఇంటి కుక్క అరుపూ ఒక్కటే. ఇంటి కుక్క నోరు మెదపకుండా పడుకున్నా శబ్దం దాని చెవిలోనే పడుతుంది. దేనికి దండనో తెలియనప్పుడు అది నేర్చుకునేదేమీ ఉండదు. గొంతు అదురును చూసే పట్టీలకు ఈ పొరపాటు తక్కువ. కానీ తలుపు దగ్గర కొత్త మనిషిని చూసి మొరగడం, ఒంటరిగా వదిలేస్తే బెంగతో అరవడం, దీపావళి టపాసులకు వణుకుతూ అరవడం ఒకటి కాదని వాటికీ తెలియదు. భయంతో అరిచేదాన్ని ఇంకా భయపెట్టడం అన్యాయం.

నిమ్మగడ్డి పట్టీ కాస్త నయం. 1996లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్నీ షాక్ పట్టీనీ పోల్చి చూస్తే, యజమానులు నిమ్మగడ్డి వైపే ఎక్కువగా మొగ్గారు. అయితే ఆ పరీక్షలో ఉన్నవి తొమ్మిది కుక్కలే. రోజూ పెడుతుంటే కుక్కలు వాసనకు అలవాటుపడి మళ్లీ మొరుగుతాయి.

షాక్ పట్టీని మాత్రం ఇంట్లోకి రానివ్వకూడదు. నొప్పి పుట్టినప్పుడు కళ్ల ముందున్నది పక్కింటి పిల్లవాడైతే, కుక్క ఆ నొప్పిని పిల్లవాడికే అంటగట్టుకోవచ్చు. అది కరవడానికి దారితీస్తుంది. ఇంగ్లండ్‌లోని లింకన్ యూనివర్సిటీ 63 కుక్కలతో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పిలిస్తే రాని కుక్కల విషయంలో షాక్ పట్టీ శిక్షణ బహుమతి శిక్షణ కన్నా మేలైన ఫలితమేమీ ఇవ్వలేదు. వేల్స్ 2010లోనే దాన్ని నిషేధించింది. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఈ పట్టీని పేరు పెట్టి చెప్పదు గానీ, జంతువుకు అనవసరంగా నొప్పి కలిగించడాన్ని సెక్షన్ 11 నేరమంటుంది. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ మొత్తం ఈ రోజుల్లో ఎవరినీ ఆపలేదు.

ఏ పరికరాన్నైనా పరీక్షించాలంటే ముందు అది లేకుండా వారం రోజుల లెక్క కావాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వెళితే, కుక్క ఎప్పుడు, ఏ చప్పుడు తర్వాత, ఎంతసేపు మొరిగిందో తెలుస్తుంది. చాలాసార్లు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వీధివైపు కిటికీకి పరదా వేయడం, రాత్రి పక్క లోపలి గదిలోకి మార్చడం, బయటికి వెళ్లేముందు బాగా నడిపించడం, మొరగడం ఆపిన క్షణంలోనే తిండి ముక్క ఇవ్వడం లాంటివాటితో తేడా కనిపిస్తే పరికరం అవసరమే రాదు. పెట్టే పరిస్థితి వస్తే, అదే లెక్క మళ్లీ రాయాలి. కుక్క తోక ముడిచినా, మూలకు నక్కినా, తిండి తగ్గించినా వెంటనే తీసేయాలి.

పిల్లుల సంగతి వేరు. సోఫా గీకడం వాటికి చెడ్డ అలవాటు కాదు. గోళ్ల పాత పొర రాల్చుకోవడానికి, తమ వాసన అంటించడానికి గీకుతాయి. మాన్పించలేం, చోటు మార్చగలం. నిలువునా సాగి గీకేంత ఎత్తున్న కర్రకు గట్టిగా తాడు చుట్టి, కదలకుండా సోఫా పక్కనే నిలబెడితే క్రమంగా అటు మళ్లుతాయి. ఇసుక ట్రే వదిలి బయట మూత్రం పోసే పిల్లికి మాత్రం ఏ పరికరమూ పెట్టకూడదు. అది మూత్రనాళ జబ్బు లక్షణం కావచ్చు. మగపిల్లి ముక్కుతున్నా చుక్క రావడం లేదంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. అబిడ్స్, నాంపల్లి వాళ్లకు నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల దగ్గరే. తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరు దొరికే చోటికి అప్పటికప్పుడు తీసుకెళ్లాలి.