లీరాల లెక్కతో టర్కీ తీరమున

విదేశయాత్ర యనగనే మన యిండ్లలో మొదట వచ్చునది సొమ్ముమాట. ఆ మాట తేలకయే ఎన్ని ప్రయాణములు ఆగిపోవునో సోదరీమణు లెఱుగనిది కాదు. టర్కీదేశపు దక్షిణతీరమున అంతాల్యా మొదలు ఫెతియే వఱకు పండ్రెండు దినములు మితవ్యయముతో తిరిగివచ్చిన మేము, ఆ మితవ్యయ మెట్లు కుదిరినదో, దాని వెనుక నెవరి శ్రమ యున్నదో యిచ్చట వ్రాయుచున్నాము.

2022 అక్టోబరులో మావారును నేనును బయలుదేరితిమి. వేసవి రద్దీ తగ్గి గదుల అద్దెలు దిగు కాలమది. సముద్రపునీరు మాత్రము ఇంకను గోరువెచ్చగనే యుండును. 2021 ఆరంభమున లీరా యొకటి మన 10 రూపాయలకు దగ్గఱగా నుండెను. మేము పోవునాటికి నాలుగున్నర రూపాయలకు లోపు. ఇది విని అచ్చట సర్వమును సగము ధరకే దొరకునని తలంపరాదు. ఆ నెలలో అచ్చటి ప్రభుత్వపు లెక్కప్రకారమే ధరలు వెనుకటి యేటికంటె నూటికి 85 వంతున పెరిగియుండెను.

ఆ తీరమున రైలుమార్గము లేదు. ఊరికి ఊరికి నడుమ తిరుగు చిన్నబస్సును ‘దోల్ముష్’ అందురు. ఆ మాటకు నిండినది యని అర్థము. కూరగాయలలో బియ్యము కూరి వండు ‘దోల్మా’ కూడ ఆ ధాతువునుండి పుట్టినదే. పేరునకు తగినట్లు, బండి నిండువఱకు కదలదు. మన గుత్తివంకాయలో కారము కూరినట్లు జనమును కూరుదురు. వెనుక కూర్చున్నవారు బాడుగను ముందువారి చేతికిత్తురు. అది చేయి చేయి మాఱి తోలువానిని చేరును, చిల్లరయు అట్లే తిరిగివచ్చును. మాకు ఒక్క నాణెమైనను తప్పిపోలేదు. దూరపు బస్సులలో మఱియొక పద్ధతి గలదు. ఒంటరిగా పోవు స్త్రీకి ఎఱుగని పురుషుని ప్రక్క చోటు సాధారణముగా అమ్మరు. మన బస్సులవారును దీనిని నేర్చుకొనిన మేలని మాకు తోచినది.

అంతాల్యాలో హాడ్రియను చక్రవర్తి 130వ సంవత్సరపు రాకకై కట్టిన మూడు కమానుల ద్వారమును చూచి, కాష్ అను చిన్నయూరికి పోతిమి. కొండచరియపై తెల్లని యిండ్లు, వానిపై కాగితపుపూల తీగెలు, బజారు నడుమ ప్రాచీన లిసియావారి రాతిశవపేటిక యొకటి. ఎదుట కనబడు మేయిస్ దీవి గ్రీసుదేశమునది.

కాష్‌లో మేము దిగినది ‘పన్సియోన్’. అనగా ఒక కుటుంబమువారు తామున్న యింటనే కొన్ని గదులు అద్దెకిచ్చునది. గదికి, ఉదయపు ఫలాహారముతో గూడ, దినమునకు 500 లీరాలు, అనగా మన 2,200 రూపాయలు. ఆ ఫలాహారమే మా పొదుపునకు మూలమైనది. ఆలివుకాయలు, తెల్లజున్ను, టొమాటో, దోసకాయ ముక్కలు, తేనె, రొట్టె, ఎన్నిమాఱులైనను తేనీరు. రెండంతస్తుల కెటిలులో క్రింద నీరు మఱుగును, పైన చిక్కని డికాషను దిగును. రెండును కలిపి పాలు లేకయే సన్ననడుము గాజుగ్లాసులలో పోయుదురు. ఇంత తినినవారికి మధ్యాహ్నము పెరుగుతో చేసిన ఉప్పుమజ్జిగ ‘అయ్‌రాన్’, ఒక దానిమ్మపండు చాలును. శాకాహారులు మాత్రము పప్పుచారులో నైనను మాంసరసము కలిసినదేమో యడిగి మఱి త్రాగవలెను. మాంసము లేనిది అనుటకు వారి మాట ‘ఎత్‌సిజ్’. కోడిని కొందఱు ఆ ‘ఎత్’లో లెక్కింపరు గావున దానినిగూర్చి వేఱుగా అడుగుట మంచిది.

ఇంటి గృహిణి తెల్లవారకముందే లేచి ఆ పళ్లెములన్నియు తానే సర్దును. పిమ్మట దుప్పట్లు ఉదికి డాబాపై ఆరవేయును. సాయంకాలము ఖర్చుపుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండును. వేసవిలో ఒప్పుకొనిన అద్దెకు శరత్కాలమున జున్ను కొనవలసివచ్చుట ఎట్టిదో ఆమె పుస్తకమున అడ్డగీతలే చెప్పుచుండెను.

ఫెతియేకు సుమారు 8 కిలోమీటర్ల దూరమున కయాక్యోయ్ అను పాడువడిన గ్రామము గలదు. దానిని చూడకుండ తిరిగిరాదగదు. పూర్వము లెవిస్సీ యను పేర గ్రీకు క్రైస్తవులు వసించిన యూరది. 1923లో గ్రీసు, టర్కీ దేశములు జనమును మార్చుకొనుటకు ఒడంబడిక చేసికొనినవి. అనటోలియానుండి సుమారు 12 లక్షల క్రైస్తవులును, గ్రీసునుండి మూడున్నర లక్షలకు పైగా మహమ్మదీయులును ఇండ్లు విడిచిపోయిరి. ఎవరు ఎచ్చటివారని నిర్ణయించినది భాష కాదు, మతము. తురుష్కభాష తప్ప వేఱొండు మాటాడని క్రైస్తవులును గ్రీసునకు పోవలసివచ్చినది. 1947 చూచిన మన దేశమువారికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. లెవిస్సీకి క్రొత్తగా వచ్చినవారిలో బహుకొద్దిమందియే నిలిచిరి. 1957 భూకంపము మిగిలినదానిని కూల్చినది.

ఇప్పుడు ఆ కొండమీద వందలకొలది యిండ్లు పైకప్పులు లేక నిలిచియున్నవి. దూలములు లేవు, తలుపులు లేవు. గోడలలో పొయ్యిగూడులు మాత్రము అట్లే యున్నవి. కొన్నిటి లోపలి రాళ్లు నేటికిని మసిబారియున్నవి. మావారు దేవాలయముల గోడలు చూచుచుండగా మేము ఆ పొయ్యిలకడనే చాలసేపు నిలిచితిమి. చివరి పూట అచ్చట ఏమి వండిరో, ఏ గిన్నె మోయలేక విడిచిరో!

కొండదిగువ నొక ముసలమ్మ ‘గోజ్‌లెమె’ చేయుచుండెను. సన్నని పొడుగు కఱ్ఱతో పిండిని వస్త్రమువలె పలుచగా వత్తి, నడుమ పాలకూర, జున్ను ఉంచి మడచి, బోర్లించిన మూకుడువంటి పెనముపై కాల్చును. ధర 40 లీరాలు. పలకపై ఆ అంకె సుద్దతో వ్రాసియుండుట చూచి, రంగుతో ఏల వ్రాయింపలేదని సైగలతో అడిగితిమి. ఆమె నవ్వి, పిండిబస్తాను, నూనెడబ్బాను చూపి, అరచేతితో పలకపై అంకె తుడిచినట్లు అభినయించినది. మేము రెండు తిని, రాత్రికి రెండు కట్టించుకొని, బేరమాడక 160 లీరాలు ఇచ్చి ఫెతియే దోల్ముష్ ఎక్కితిమి.