పదో తరగతి మెమోకు పునాది 8లోనే: హైస్కూల్‌లో కొత్తగా చేరిన పిల్లలు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

జనగామ/మహబూబాబాద్/భూపాలపల్లి: 2025 ఏప్రిల్ 30న విడుదలైన పదో తరగతి ఫలితాల్లో మహబూబాబాద్ జిల్లా రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. పరీక్ష రాసిన వాళ్లలో 99.29 శాతం మంది పాసయ్యారు. రాష్ట్ర సగటు 92.78 శాతం. తండాలు, అడవి పల్లెలు ఇన్ని ఉన్న జిల్లాకు ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ శాతం పరీక్ష రాసిన వాళ్లకు మాత్రమే సంబంధించింది. 8వ తరగతిలోనో 9వ తరగతిలోనో బడి మానేసి పత్తి చేనుకో, మెకానిక్ షెడ్డుకో, బట్టల షాపుకో పోయిన పిల్లలు ఇందులో కనబడరు. పాసైనా మెమోలో పేరు తప్పు పడి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే వాళ్లూ కనబడరు. ఈ రెండు నష్టాలూ పదో తరగతిలో మొదలయ్యేవి కావు. పిల్లవాడు హైస్కూల్‌లో అడుగుపెట్టిన రోజుల్లోనే మొదలవుతాయి. ఆపడం కూడా అప్పుడే సులువు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మూడూ 2016 అక్టోబర్ 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయి ఏర్పడ్డాయి. మూడు చోట్లా ఎక్కువ మంది పిల్లలు ఊళ్లోని ప్రైమరీ స్కూల్ లేదా యూపీఎస్‌లో చదివి, తర్వాత జిల్లా పరిషత్ హైస్కూల్‌కో, గురుకులానికో, ఆశ్రమ పాఠశాలకో వస్తారు. ఊరి బడిలో అన్నీ చూసుకున్న సారు ఇక్కడ ఉండరు. సబ్జెక్టుకో టీచర్, పీరియడ్‌కో నోట్సు. ఏది ఎప్పుడు చేయాలో పిల్లలకు, ఇంట్లో వాళ్లకు ముందే తెలిసి ఉంటే సగం కష్టం తగ్గుతుంది.

చేరేటప్పుడు చూసుకోవాల్సిన కాగితాలు

ప్రైమరీ నుంచి వచ్చే పిల్లలకు రికార్డ్ షీట్, ఇతర బడుల నుంచి వచ్చే వాళ్లకు టీసీ, వాటితో పాటు ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలి. టీసీ లేదన్న కారణంతో 8వ తరగతి వరకు అడ్మిషన్ నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. వలస నుంచి తిరిగి వచ్చిన కుటుంబాలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కాగితం తర్వాత తెచ్చుకోవచ్చు, పిల్లవాడిని మాత్రం ముందు క్లాసులో కూర్చోబెట్టాలి.

పాత బడి వదిలేటప్పుడే అక్కడి స్టడీ సర్టిఫికెట్ తీసుకుని ఇంట్లో దాచుకోవాలి. రేపు ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికత చూపించాల్సి వస్తే 1 నుంచి 7 తరగతులు ఎక్కడ చదివారో అడుగుతారు. పదేళ్ల తర్వాత ఆ బడి వేరే బడిలో కలిసిపోయి ఉండొచ్చు, రికార్డు వెతికి ఇచ్చే వాళ్లు దొరకకపోవచ్చు.

ఒకే మనిషి, నాలుగు పేర్లు

ముస్లిం కుటుంబాల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు. ఆధార్‌లో ‘మహ్మద్’, బడి రిజిస్టర్‌లో ‘ఎండీ’, బర్త్ సర్టిఫికెట్‌లో ‘మొహమ్మద్’, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు ఆ మాటే ఉండదు. షేక్, షైక్ విషయంలోనూ ఇదే గొడవ. ఆడపిల్లల పేరు చివర ‘బేగం’, ‘సుల్తానా’, ‘ఫాతిమా’ ఒక కాగితంలో ఉంటే మరో దాంట్లో ఉండదు. లంబాడా పిల్లలకూ ఈ సమస్య ఉంది. బానోతు, బానోత్ అని ఒకే ఇంట్లో అన్నకు ఒకటి, చెల్లికి ఒకటి రాసి ఉంటుంది.

పదో తరగతిలో పరీక్ష కోసం బడి నుంచి నామినల్ రోల్స్ వెళ్తాయి. విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చల వివరాలు, ఫొటో, మీడియం, భాషలు అందులో ఉంటాయి. మెమో మీద ముద్రించేది ఆ వివరాలనే. తర్వాత ఇంటర్, పాస్‌పోర్ట్, పాన్ కార్డు, ఉద్యోగం, ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది ఆ మెమోనే. ముద్రించాక తప్పు దిద్దించాలంటే హెచ్‌ఎం, డీఈఓ ఆఫీసు దాటి హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా ఫైలు నడవాలి.

అందుకే హైస్కూల్‌లో చేరిన మొదటి నెలలోనే అమ్మీ గానీ అబ్బా గానీ బడికి వెళ్లి, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఏం రాశారో చూపించమని అడగాలి. ఆధార్‌లో తప్పు ఉంటే ముందు దాన్ని సరిచేయించాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చదివి చూడాలి. అబ్బా ఇంటి పేరు, అమ్మీ పూర్తి పేరు కూడా చూడాలి. 8లో ఒక అర్జీతో అయ్యే పని 18 ఏళ్లు దాటాక నెలల తరబడి సాగుతుంది. బీసీ-ఈ సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ మీసేవలో తీసుకునేటప్పుడూ అదే స్పెల్లింగ్ ఉండేలా చూసుకోవాలి.

ఏ భాష ఎన్నో భాష?

పదో తరగతిలో మూడు భాషలు, గణితం, సైన్స్, సాంఘికశాస్త్రం కలిపి ఆరు సబ్జెక్టులు. ఒకప్పుడు 11 పేపర్లు ఉండేవి, కరోనా తర్వాత ఆరుకు కుదించారు. సైన్స్‌లో మాత్రం భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు రోజుల్లో రాస్తారు.

తెలుగు మీడియం బడుల్లో సాధారణంగా మొదటి భాష తెలుగు, రెండోది హిందీ, మూడోది ఇంగ్లిష్. ఉర్దూ మీడియంలో మొదటి భాష ఉర్దూ. రాష్ట్రంలో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది, 2018-19 నుంచి దశలవారీగా అమలు మొదలైంది. కాబట్టి ఉర్దూలో చదివిన పిల్లలైనా తెలుగు చదవడం, రాయడం నేర్చుకోక తప్పదు.

ఉర్దూ ప్రైమరీ నుంచి జిల్లా పరిషత్ హైస్కూల్‌కు వచ్చే పిల్లల తల్లిదండ్రులు చేరకముందే రెండు ప్రశ్నలు అడగాలి. బడిలో ఉర్దూ చెప్పే టీచర్ ఉన్నారా? లేకపోతే పిల్లకు ఏ భాష మొదటి భాషగా రాస్తారు? ఈ మాట తేలకుండా రెండేళ్లు గడిచిపోతే 9 చివర్లో తెలుగు అక్షరాల దగ్గరి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

మీడియం సంగతి కూడా ఉంది. ప్రభుత్వ బడుల్లో 2022-23లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టి, తర్వాత పై తరగతులకు తీసుకెళ్లారు. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో వేశారు. ఇంగ్లిష్ అర్థం కాని చోట తెలుగు పేజీ చూసుకోవచ్చు. కానీ తెలుగు చదవడం రాని ఉర్దూ పిల్లకు ఆ ఎదురు పేజీ ఉన్నా లేనట్టే. తెలుగు బాగా నేర్చుకుంటే ఒక్క తెలుగు పేపర్‌కే కాదు, గణితానికీ సైన్స్‌కీ పనికొస్తుంది.

మార్కులు ఎలా లెక్కిస్తారు?

ఒక్కో సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 80 పబ్లిక్ పరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. ఇంటర్నల్స్ తీసేసి మొత్తం 100 మార్కులకూ పరీక్ష పెడతామని 2024 నవంబర్‌లో ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత దాన్ని వాయిదా వేసి 2025-26లోనూ 80-20 పద్ధతినే ఉంచింది. ఈ పద్ధతి మారే అవకాశం ఉంది కనుక ప్రతి ఏడాది బడి మొదలైనప్పుడు హెచ్‌ఎంను అడిగి తెలుసుకోవాలి.

ఆ 20 మార్కులు ఏడాదిలో జరిగే నాలుగు ఫార్మేటివ్ పరీక్షల (ఎఫ్‌ఏ) సగటు. ఎఫ్‌ఏ అంటే స్లిప్ టెస్ట్ ఒక్కటే కాదు. క్లాసులో పాల్గొనడం, నోటుబుక్కులు, ప్రాజెక్టు కూడా అందులోకే వస్తాయి. ఆరు సబ్జెక్టులకు కలిపితే 600లో 120 మార్కులు పరీక్ష హాల్‌కు వెళ్లకముందే తేలిపోతాయి. ప్రాజెక్టును గైడు చూసి ఎత్తి రాసే అలవాటు 8లో పడితే 10లో వదలదు. నోట్సు ఎప్పటికప్పుడు రాసే అలవాటు కూడా 8లోనే పడాలి.

పాస్ కావడానికి 35 శాతం మార్కులు కావాలి. రెండో భాషకు మాత్రం 20 చాలు. ఇంటర్నల్స్‌లో బాగానే వేశారులే అని ధీమాగా ఉండటం మంచిది కాదు. పబ్లిక్ పరీక్షలో 80కి కనీసం 28 తెచ్చుకోవడం లక్ష్యంగా పెట్టుకోవాలి.

2025 ఫలితాల నుంచి మెమోల్లో సబ్జెక్టులవారీ గ్రేడ్లతో పాటు మార్కులు కూడా ఇస్తున్నారు. పాత సీజీపీఏ పోయింది. అప్పట్లో 92 వచ్చినా 98 వచ్చినా ఒకే గ్రేడ్ పాయింట్ ఉండేది. ఇప్పుడు ఆ తేడా కాగితం మీద కనబడుతుంది. పదో తరగతి మార్కులు చూసి సీట్లు ఇచ్చే బాసర ఆర్జీయూకేటీ లాంటి చోట ఇది ముఖ్యం.

పత్తి, మిర్చి, హాజరు

రెగ్యులర్ విద్యార్థికి 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 230 పనిదినాలు అనుకుంటే 57 రోజులకు మించి మానకూడదు. ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ జనగామ వైపు పత్తి ఏరే రోజులు దసరా తర్వాత మొదలవుతాయి. మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మిర్చి ఏరే పని జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. పిల్లవాడు చేనుకు పోతే ఇంటికి ఒక కూలి మిగులుతుంది. ఆ లెక్క తప్పని ఎవరూ అనలేరు. కానీ 10వ తరగతి ప్రీఫైనల్స్, స్పెషల్ క్లాసులు జరిగేది సరిగ్గా ఆ మిర్చి రోజుల్లోనే.

8వ తరగతి వరకు ఎవరినీ ఫెయిల్ చేయకుండా పై తరగతికి పంపిస్తారు కాబట్టి ఈ నష్టం వెంటనే బయటపడదు. 7లో భిన్నాలు పోయాయి, 8లో బీజగణితం పోయింది, 9లో పాఠం అర్థం కావడం మానేసింది. ‘చదువు అబ్బలేదు’ అని ఇంట్లో వాళ్లు బడి మాన్పించేది అప్పుడే. అసలు కారణం మూడేళ్లుగా పోయిన రోజులు.

దూరం ఒక కారణమైతే, ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ దగ్గర ఉంచుకుంటే చాలు. మగపిల్లలు స్టూడెంట్ పాస్ తీసుకోవాలి. బస్సే రాని ఊరి వాళ్లు గురుకులం, కేజీబీవీ, ఆశ్రమ పాఠశాలల్లో సీటు కోసం ముందే అడగాలి.

8లోనే ఉన్న ఒక అవకాశం: ఏడాదికి 12 వేలు

చాలా ఇళ్లకు తెలియని స్కాలర్‌షిప్ ఎన్‌ఎంఎంఎస్. కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. పరీక్ష 8వ తరగతిలో ఒక్కసారే రాయాలి. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకు 48,000 బ్యాంకు ఖాతాలో పడతాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో రోజూ వెళ్లి వచ్చి చదివే పిల్లలకే ఇది. గురుకులాల లాంటి రెసిడెన్షియల్ బడుల వాళ్లు అర్హులు కారు.

పరీక్షలో రెండు భాగాలు. ఒకటి బుద్ధిబలానికి, రెండోది 7, 8 తరగతుల పాఠాలకు, ఒక్కోటి 90 మార్కులకు. దరఖాస్తు బడి ద్వారానే వెళ్లాలి. హెచ్‌ఎం సార్ పిలిచి చెప్పేదాకా ఆగకుండా ఆగస్టులోనే అడగాలి. 9వ తరగతికి వెళ్లాక గుర్తొస్తే లాభం లేదు. మిర్చి కూలి కోసం పిల్లవాడిని మాన్పించే ఇంటికి ఈ డబ్బు బడికి పంపడానికి ఒక కారణం అవుతుంది.

రంజాన్‌ను లెక్కలోకి తీసుకోండి

2025లో పదో తరగతి పరీక్షలు మార్చి 21న, రంజాన్ నెల నడుస్తుండగానే మొదలయ్యాయి. రంజాన్ ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతుంది. 2025-26లో 8వ తరగతిలో ఉన్న పిల్లలు 2028లో పరీక్ష రాసే నాటికి రంజాన్ జనవరి చివర మొదలై ఫిబ్రవరిలో ముగుస్తుంది. అంటే రోజాలు, తరావీలు ప్రీఫైనల్స్, రివిజన్ రోజుల్లోకి వస్తాయి. సహ్రీ తర్వాత పడుకోకుండా గంటన్నర చదవడం, మధ్యాహ్నం కాసేపు పడుకోవడం లాంటి పద్ధతి 8, 9 తరగతుల రంజాన్‌లలోనే అలవాటు చేసుకుంటే 10లో కొత్తగా ఉండదు.

తప్పినా, మధ్యలో మానేసినా

ఒకటి రెండు సబ్జెక్టులు పోతే ఏడాది పోయినట్టు కాదు. జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. తప్పిన సబ్జెక్టులు మాత్రమే రాసి అదే ఏడాది ఇంటర్‌లో చేరొచ్చు. మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు గడువులోగా దరఖాస్తు చేసుకోవాలి. బడి పూర్తిగా మానేసిన 14 ఏళ్లు నిండిన పిల్లలకు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది.

మూడేళ్లు, మూడు పనులు

8వ తరగతిలో: పేరు, పుట్టిన తేదీ సరిచూడటం, మొదటి భాష ఏదో తేల్చుకోవడం, ఎన్‌ఎంఎంఎస్ రాయడం.

9వ తరగతిలో: గణితం, ఇంగ్లిష్‌లో వెనకబడ్డ పాఠాలు పూర్తి చేయడం, నోట్సు, ప్రాజెక్టులు సొంతంగా రాయడం, బడి మానకుండా చూసుకోవడం.

10వ తరగతిలో: నామినల్ రోల్ ప్రింట్‌ను తల్లిదండ్రులు కళ్లారా చూసి సరిపోల్చడం, పరీక్ష ఫీజు గడువు దాటకుండా కట్టడం, నాలుగు ఎఫ్‌ఏలనూ వదలకుండా రాయడం.

వీటిలో చాలా పనులకు తల్లిదండ్రులకు చదువు రావాల్సిన అవసరం లేదు. కాగితం తీసుకెళ్లి ‘ఇది సరిగ్గా ఉందా సార్?’ అని బడిలో అడగాలి, అంతే. పేరెంట్స్ మీటింగ్ రోజున ఒక పూట కూలి పోయినా సరే, ఆ ప్రశ్న అడిగి రావడం మంచిది.